కమలకుమారి డబ్బా

కమలకుమారిది దిక్కులేని చావు. చివరి గడియలో పక్కన మనిషన్నవాడు లేడు.

కోదండరామ్ ఈ మాట ఎవరింటికి వెళ్ళినా అంటాడు. గుళ్ళో అంటాడు. గ్వెల్ఫ్‌లో ఉన్న కూతురు స్పందనతో ఫోన్లో అంటాడు.

కమలకుమారి అతని భార్య. మేనమామ కూతురు. పోయిన ఏడాది ఆకులు రాలే రోజుల్లో, కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో గ్రాండ్ నది పక్క కాలిబాట మీద గుండె ఆగి పడిపోయింది. ఎవడో ఆమె ఫోన్ నుంచే అంబులెన్స్‌ని పిలిచాడు. కోదండరామ్ ఆసుపత్రికి చేరేసరికి ఆమె లేదు. పిలిచినవాడూ లేడు.

"ఫోన్ కొట్టి పారిపోయాడు. మనిషేనా వాడు?"

ఆమె ఆ రోజు నది ఒడ్డుకి వెళ్ళింది తన డబ్బా చూసుకోవడానికి.

అదొక ఆట. ఒకరు చిన్న డబ్బా దాచి, ఆ చోటు వెబ్‌సైట్లో పెడతారు. ఇంకొకరు ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, తెరిచి, పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టేస్తారు.

ప్రతి శుక్రవారం సైటు నుంచి ఆమె అడ్రసుకి మెయిల్ వచ్చేది. చుట్టుపక్కల డబ్బాల డేటా అంతా అందులో ఉండేది. ఆమె డబ్బా, పక్కనే ఆమె పేరు. ఆమె పోయాక కూడా వచ్చేది.

కోదండరామ్ ఆ ఒక్క పేరూ చూసుకుని కంప్యూటర్ కట్టేసేవాడు.

మంచు కరిగే రోజుల్లో ఆ మెయిల్ ఆగిపోయింది.

సైటువాళ్ళని అడిగాడు. "మేం పంపుతూనే ఉన్నాం. మీ ఇంటర్నెట్ కంపెనీయే ఆపుతోంది."

కంపెనీవాళ్ళని అడిగాడు. "మా వైపు అంతా బాగానే ఉంది సార్. పంపేవాళ్ళని కనుక్కోండి."

"నాన్నా, వేరే మెయిల్ ఐడీకి మారిపోండి. టూ మినిట్స్ పని" అంది స్పందన.

"మీ అమ్మ పెట్టిన అడ్రసు. మార్చను."

"అయితే వెళ్ళి చూసి రండి, డబ్బా ఉందో లేదో."

శనివారం వెళ్ళాడు. ఆమె పోయాక అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు.

నీళ్ళకి దగ్గరగా, చెట్టు వేళ్ళ పక్కన, ఒక తెల్ల ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కుక్క. చేతిలో కమలకుమారి డబ్బా. మూత తీసి ఉంది.

"ఏయ్! కింద పెట్టు దాన్ని!" కోదండరామ్ ఇంగ్లీషులో అరిచాడు.

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "లోపల నీళ్ళు చేరాయి. తుడుస్తున్నాను."

"ఆట ఆడేవాడివా?"

"కాదు. కుక్కని తిప్పడానికి వస్తుంటాను."

"మరి నిన్నెవడు తుడవమన్నాడు?"

ముసలాయన అతని ముఖంలోకి చూశాడు. లేచి నిలబడ్డాడు.

"మీరు... మిస్టర్ బావా?"

కోదండరామ్‌కి ఒళ్ళు మండింది. పక్క వీధిలో అద్దెకున్న తెలుగు కుర్రాళ్ళు పొద్దస్తమానం ఒకర్నొకరు అలాగే పిలుచుకుంటారు. వాళ్ళలో ఎవడో నేర్పి ఉంటాడు.

"ఎవడ్రా నీకు బావ?" ఈసారి తెలుగే వచ్చింది నోట్లోంచి.

కుక్క గుర్రుమంది. ముసలాయన దాన్ని వెనక్కి లాగాడు.

"మంచు కరిగాక ఈ డబ్బా కనబడింది. మూత లోపల ఆవిడ మెయిల్ అడ్రసు రాసి ఉంది. దానికి రాశాను. మళ్ళీ మళ్ళీ రాశాను. జవాబు లేదు."

"అబద్ధం. ఒక్క మెయిలూ రాలేదు."

"రేపు విమానంలో న్యూఫౌండ్‌ల్యాండ్ వెళ్ళిపోతున్నాను, మా అమ్మాయి దగ్గరికి. ఇక ఇటు రాను. ఒక్క నిమిషం వినండి. మీ..."

"పోలీసుల్ని పిలవనా?"

కోదండరామ్ డబ్బా లాక్కున్నాడు. తడి గుడ్డ ముసలాయన చేతిలో మిగిలిపోయింది.

ఆయన టోపీ తీశాడు.

"సారీ, మిస్టర్ బావా" అని కుక్క తాడు పట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

"తప్పు మాదే సార్. కొత్త ఫిల్టర్ మీ మెయిళ్ళని చెత్త అనుకుని ఆపేసింది. సరిచేశాం. ఇక అన్నీ వస్తాయి."

"ఆపినవి?"

"అవి ఉండవు సార్. ఎప్పటికప్పుడు చెరిగిపోతాయి."

ఆ సాయంత్రం స్పందనకి ఫోన్ చేశాడు. కంపెనీవాళ్ళ చేత తప్పు ఒప్పించిన సంగతి చెప్పాడు. ఏటి ఒడ్డున దొంగని పట్టుకున్న సంగతి కూడా చెప్పాడు.

"దొంగైతే తుడుస్తాడా నాన్నా? ఏం రాశాడో ఏమిటో ఆ మెయిల్స్‌లో."

"వాడి మొహం. నా ఎదుట నిలబడి బావా అని వెక్కిరించాడు."

"వాట్? బావా అన్నాడా?"

"మిస్టర్ బావా అట. రెండుసార్లు అన్నాడు."





"నాన్నా..." అంది స్పందన. "మిమ్మల్ని అలా పిలిచేది అమ్మ ఒక్కతేగా."

కోదండరామ్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"అది మీ పేరనుకున్నాడు నాన్నా ఆయన. అమ్మ నోట ఎప్పుడు విన్నాడు? ఆ రోజు అంబులెన్స్‌ని పిలిచింది..."

"చాలు."

"ఎయిర్‌పోర్ట్‌లో అడిగితే..."

"ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఈ సంగతి ఇక నా దగ్గర ఎత్తకు."

ఫోన్ పెట్టేశాడు. డబ్బా బల్ల మీద ఉంది. లోపల ఒక మూల ఇంకా తడిగానే ఉంది.

కమలకుమారిది దిక్కులేని చావన్న మాట ఆ తర్వాత కోదండరామ్ నోట ఎవరూ వినలేదు.