చుక్కల వైపు కిడ్నీ

“ఎడమదా, కుడిదా? ఆ ఒక్క ముక్క చెప్పు వదినా, నీకు పుణ్యముంటుంది!”

ఆస్పత్రి రికార్డుల గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న వదిన తల కూడా ఎత్తలేదు.

“చెప్పకూడదు.”

పాపం, ఆవిడ తప్పేం లేదు. పోయిన వారం ఓ పెద్దమనిషి మొలల వ్యవహారం ఈ గదిలోంచే పొక్కి, సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఆయన కోర్టుకెక్కుతానన్నాడు. పైవాళ్లు హడలిపోయి, కాగితాల మీద రోగుల పేర్లు తీయించి చుక్కలు పెట్టించారు. అక్కడితో ఆగారా? జబ్బు ఏ వైపో తెలిస్తే మనిషెవరో తెలిసిపోతుందట! ఎడమా, కుడీ కూడా చుక్కలైపోయాయి. ‘చుక్కల వైపు కిడ్నీ తీసివేయాలి.’ కాగితం మీద ఉన్నది అంతే.

“ఆ రోగినే అడగొచ్చుగా?” అంది వదిన.

“మత్తిచ్చేశారు. ఒళ్లు తెలీకుండా పడున్నాడు.”

“నీకేమవుతాడు? కంప్యూటర్ అడుగుతోంది.”

“ఏమైతే దానికెందుకు? ఈ పూటకి నేను తప్ప దిక్కులేదు ఆయనకి. బాగున్న కిడ్నీ తీసేస్తే మనిషి దక్కడు వదినా!”

“అయితే ఈ మిషన్ మీద వేలు పెట్టు. నీకు చూసే హక్కుంటే అదే తెరుచుకుంటుంది.”

“ఇప్పుడు నేను దేన్నీ ముట్టుకోకూడదు.”

“పోనీ, నీ ఫోన్‌కొచ్చే నంబర్ చెప్పు.”

“ఫోన్ లోపల వదిలేసొచ్చాను. అయినా నేనెవరో నీకు తెలీదా? రోజూ నీ చేతి వంట తింటున్నవాణ్ణి!”

“నాకు తెలుసు నాయనా. కంప్యూటర్‌కి తెలియాలిగా! ఇంట్లో మరిదివి. ఇక్కడ నువ్వూ చుక్కలే.”

మరిది కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. అది చూసి ఆవిడకి ప్రాణం ఉసూరుమంది. ఎంతైనా ఇంటి మనిషి. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“నా ఉద్యోగం ఊడినా సరే, ఒక్కటి చెప్తాను. ఎక్కడా అనకు. తీయాల్సింది ఆ రెండిట్లో ఒకటే.”

“చంపావు పో!”

అతను వచ్చిన దారినే లోపలికి పరుగెత్తాడు. అప్పటికే అందరూ అతని కోసమే చూస్తున్నారు.

బల్ల మీద మత్తులో ఉన్న మనిషిని ఓసారి ఆ పక్కా, ఓసారి ఈ పక్కా చూసి, కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని, నర్సు వైపు చెయ్యి చాచి, “కత్తి ఇవ్వమ్మా” అన్నాడు.