మలుపు దగ్గర జెండా

"ఇంటిపన్నుల లాయరుకు పరుగుపందెం గొడవలేం తెలుస్తాయే? నా గుండె పీచుపీచుమంటోంది," అంది తల్లి క్రీడాసంఘం ఆఫీసు మెట్లెక్కుతూ.

"ఆటగాళ్ళ కేసులు కూడా ఆవిడే చూస్తుందమ్మా. వందసార్లు చెప్పాను," అంది కూతురు.

వెనకే వస్తున్న లాయరమ్మ నవ్వింది. "పొద్దున మున్సిపాలిటీతో, మధ్యాహ్నం క్రీడాసంఘంతో పోట్లాట. ఇద్దరూ తాము రాసిందే వేదమంటారు పిన్నిగారూ. నాకు పెద్ద తేడా తెలీదు."

తల్లికి నవ్వు రాలేదు.

పోయిన నెల పందెంలో, మలుపు దగ్గర పక్క పిల్ల పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అక్కడ నిలబడ్డ జడ్జి తప్పు జరిగిందని పసుపు జెండా ఎత్తాడు. కూతురే ఆ పిల్లని తోసిందని సంఘం రెండేళ్ళు పరుగు మాన్పించింది. ఇవాళ విచారణలో అది తప్పని తేలకపోతే ఆ కాళ్ళకి ఇక పని లేనట్టే.

"మనకో సాక్షి ఉంది లెండి," అంది లాయరమ్మ.

"ఎవరమ్మా?"

"మీకు చెబితే ఊరికి చెప్పినట్టే. ముందే పొక్కితే సంఘం వాళ్ళు రానివ్వరు."

తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

కాసేపటికి ఒకాయన వచ్చి బెంచీ ఆ చివర కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

తల్లి గుర్తుపట్టింది. ఆ ముఖం కలలోకి కూడా వస్తోంది.

"మా పిల్ల మీద జెండా ఎత్తింది మీరేగా?"

"నేనేనమ్మా."

"మళ్ళీ ఎందుకొచ్చారు?"

ఆయన ఒళ్ళోని టోపీకేసి చూశాడు.

"చేసింది చాల్లేదా?"

"పిలిచేదాకా ఎవరితోనూ ఏమీ అనొద్దన్నారు లాయరుగారు. ఏమనుకోకండి."

సంఘం లాయరు బాగానే నూరిపోసి పంపాడన్నమాట అనుకుంది తల్లి.

"మీకు పిల్లలున్నారా?"

"ఒక అమ్మాయి."

"అయితే లేచి వెళ్ళిపోండి. మిమ్మల్ని చూస్తే నా బిడ్డకి నోట మాట రాదు."

ఆయన టోపీని అటూ ఇటూ తిప్పాడు. "నిజంగా వెళ్ళిపొమ్మంటారా?"

"దణ్ణం పెడతాను, వెళ్ళండి."

నెత్తిన బరువు ఎవరో దించినట్టు ఆయన ముఖం తేటపడింది. ఆ వెంటనే ఎందుకో సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాడు. మెట్ల దగ్గర ఒకసారి ఆగి, వెనక్కి చూసి, దిగిపోయాడు.

తల్లి ఊపిరి పీల్చుకుంది. ఒక గండం గడిచింది.

ఇంతలో తలుపు తెరుచుకుంది.

"పిన్నిగారూ, మన సాక్షి ఏరి? ఈ బెంచీ మీదే కూర్చోమన్నాను."

"ఎవరూ..." అనబోయి తల్లి ఆగిపోయింది.

లాయరమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వెంటనే దించేసింది. "ఫోన్ ఆపేసుకోమని ఆయనకి చెప్పిందీ నేనే," అంటూ మెట్ల మీద పరిగెత్తింది.

లోపల్నుంచి పిలుపు వచ్చింది. మళ్ళీ వచ్చింది.

లాయరమ్మ రొప్పుతూ ఒక్కతే తిరిగి వచ్చింది.

"అమ్మా, ఇక్కడికి ఎవరైనా వచ్చారా?" కూతురు బయటికొచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "చెప్పమ్మా."

తల్లి బెంచీ ఆ చివరకేసి చూస్తూ ఉండిపోయింది.

ఆమె కూతురి చేతులు పట్టుకుంది.

"ఆ జెండా ఎత్తినాయనే వచ్చాడు తల్లీ, పొరపాటున ఎత్తానని చెప్పడానికి... నేనే దణ్ణం పెట్టి పంపించేశాను."