కొర్రీల బసప్ప

"ఏ గాడిద కొడుకప్పా నా అర్జీ మీద కొర్రీ వేసింది?"

తాలూకా కచేరీ గుమాస్తా బసప్ప కేకకు గోడమీది బల్లి కూడా పరుగు తీసింది. పక్క బల్ల జిలాన్ బాషా "నీ అర్జీ తిరిగొచ్చిందన్నా" అంటూ చేతిలో పెట్టిన కాగితాన్ని బసప్ప ముక్కుకు ఆనించుకున్నాడు, వెలుతురుకు తిప్పాడు, దూరంగా పట్టుకుని చూశాడు. ఎర్రసిరా మరకలు తప్ప కంటికి ఏమీ ఆనలేదు. ఎర్రసిరా అంటే కొర్రీ అని అతనికి ఒకరు చెప్పాలా? పద్దెనిమిదేండ్లుగా ఊరందరి అర్జీల మీదా అదే సిరా పోసిన మహానుభావుడు!

కంటి నరం ఎండిపోతోంది, ఇంకా ఈ కాగితాలు పట్టుకు వేలాడితే ఉన్న చూపూ పోతుంది, మెడికల్ పింఛను తీసుకుని ఇంటికి పొమ్మని డాక్టరు రాసిచ్చాడు. సొంతూరు కుందుర్పిలో మూడేండ్లుగా చినుకు లేదు. ఈసారైనా వాన పడితే తన చేను పచ్చబడ్డం కండ్లారా చూడాలని బసప్ప ఆశ.

"ఏం రాసినాడో చదువప్పా."

జిలాన్ బాషా గొంతు సవరించుకున్నాడు. "'అర్జీ అసమగ్రంగా ఉన్నది. రుజువులు చాలవు. తిప్పి పంపడమైనది.'"

"థూ! డాక్టరు సర్టిఫికెట్టు కుట్టి పెడితే రుజువులు చాలవా? చదవకుండానే రాసినాడు, కండ్లు లేని కబోది! పైగా అన్నీ నా మాటలే. నా దగ్గర పని నేర్చుకున్నోడే అయ్యుండాల. నువ్వే గదరా?"

"అల్లా తోడు, నేను కాదన్నా. కింద సంతకం ఉండాది, చూడు."

"సంతకం కనబడేటట్టుంటే ఈ అర్జీ ఎందుకు పెడతానప్పా?"

కొర్రీలోని ఆ మూడు ముక్కలతోనే తను ఎంతమందిని ఎండలో వెనక్కి నడిపించాడో! అవి ఇంత మంట పుట్టిస్తాయని ఇవాళే తెలిసింది.

"నేనిచ్చింది తాసిల్దారు చేతికి. మధ్యలో ఎవడు దూరినాడు?"

"పింఛను కాగితాలు ఇంగ యాడికి పోతాయన్నా? ఆయప్ప నీ బల్లకే పంపినాడు. పోయిన మంగళవారం కట్టంతా ఒక్క గంటలో తేల్చేసినావే, దాంట్లో ఉండాది ఇది. సంతకం నీదే."

బసప్ప కుర్చీలో కూలబడ్డాడు. మంజూరు చేయాలంటే చదవాలి. కొర్రీ వేయడానికి చదవనక్కర్లేదు. రెండేండ్లుగా చూపు సరిగా లేని సంగతి దాచి ఉద్యోగం నెట్టుకొచ్చింది ఆ కిటుకుతోనే. తనను తాను తిట్టుకుందామంటే మంచి తిట్లన్నీ ఇందాకే అయిపోయాయి.

అంతలోనే మొహం వెలిగింది. "నా అర్జీనే నేను ఆనవాలు పట్టలేదంటే ఇంతకన్నా రుజువేం కావాలప్పా? ఇప్పుడే పోయి తాసిల్దారుకు చెప్తా!"

"ఆయప్ప కూడా కింద ఒక ముక్క రాసినాడన్నా," అని జిలాన్ బాషా నసిగాడు. "'తన అర్జీలోని తప్పులే పట్టగలిగిన ఈ గుమాస్తాకు చూపు భేషుగ్గా ఉన్నది. ఇంకా నాలుగేండ్లు ఉద్యోగంలో కొనసాగవలెను.'"