పందుల కంపెనీ మనిషి

బయట ఆగిన బండి నంబరు చూడగానే వెర్లిన్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"అదిగో, పందుల జిల్లా బండి!"

నంబరు ప్లేటు మీద మొదటి అంకెలు చూసి ఏ జిల్లా బండో మా కెల్మర్‌లో పసిపిల్లలు కూడా చెప్పేస్తారు. ఏడు వేల మంది ఉన్న ఊరు. కొత్త బండి వచ్చిందంటే మార్లిస్ హోటల్లో ఉన్న మెడలన్నీ కిటికీ వైపు తిరగాల్సిందే.

ఆ జిల్లాలో ఒక కంపెనీ వేల పందులతో షెడ్లు వేసింది. ఇప్పుడక్కడ కిటికీ తెరిస్తే ఆ కంపుకి ముద్ద దిగదు. ఆ కంపెనీ కన్ను మా ఊరి మీద పడిందని కొన్నాళ్ళుగా ఒకటే పుకారు.

"ఇవాళే రావాలా వీడు? రేపు డాక్టరు వస్తుంటే!" అంది డీనా పళ్ళు కొరుకుతూ.

డీనా ఆ హోటల్లో వడ్డించే అమ్మాయి. నెలలు నిండాయి. కూర్చోమంటే కూర్చోదు, నిలబడితే కాలు నిలవదు.

ఎలా నిలుస్తుంది? పాత డాక్టరు చనిపోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ మా ఆస్పత్రిలో పురుడు గదికి తాళం. నొప్పులొస్తే తొంభై మైళ్ళు పోవాలి, అదీ ఈ మంచులో. పోయిన చలికాలం ఒకావిడ దారి పక్కన కారులోనే కనేసింది. డీనా మొగుడా, లారీ తోలుతూ ఎప్పుడు ఏ ఊళ్ళో ఉంటాడో అతనికే తెలియదు.

ప్రకటనలిచ్చి ఇచ్చి విసిగిపోయాక ఇన్నాళ్ళకి ఎవరో డాక్టరు ఊరు చూసి వెళ్తానన్నాడు. రేపు ఉదయం వస్తాడు. హోటల్ నడిపే మార్లిస్ ఆస్పత్రి కమిటీలో కూడా ఉంది. ఆయన కోసం పొద్దున్నుంచీ వంటింట్లో దాల్చినచెక్క రొట్టెలు చేస్తోంది.

"పందులొస్తున్నాయని తెలిస్తే ఆయన ఒక్క పూటైనా ఉంటాడా?" అంది డీనా.

"ఎవడుంటాడు? అందుకే వీణ్ణి ఇవాళే సాగనంపాలి," అన్నాడు వెర్లిన్. అరవై దాటిన రైతు. ఊరి గొడవలన్నీ ఆయనకే కావాలి.

తలుపు తోసుకుని ఒక నలభై ఏళ్ళ మనిషి లోపలికొచ్చాడు. బూట్ల నిండా బురద. నెత్తిన పాత టోపీ. వెర్లిన్ పక్క కుర్చీలోనే కూర్చుని కాఫీ అడిగాడు.

"ఇక్కడ గాలి ఎక్కువగా ఎటునుంచి వస్తుందండీ?"

వెర్లిన్ డీనాకి కన్ను కొట్టాడు.

"అన్ని వైపుల్నుంచీను. నిరుడు మా కొట్టం కప్పు పక్క ఊళ్ళో దొరికింది."

"నీళ్ళు బాగుంటాయా?"

"భేషుగ్గా ఉంటాయి, తాగకపోతే."

ఆ మనిషి నవ్వాడు. "ఊరి బయట కాస్త నేల ఏమైనా అమ్మకానికి ఉందా?"

ఇంకేం! అందరి అనుమానమూ తీరిపోయింది.

"ఇక్కడ నేల కొని బాగుపడినవాడు లేడు నాయనా!" వంటింట్లోంచే అరిచింది మార్లిస్. "కొన్నవాడు కొన్నట్టే పారిపోయాడు!"

ఆ మనిషి డీనా వైపు తిరిగాడు.

"పోనీ మీరు చెప్పండమ్మా. మనుషులు ఎలాంటివాళ్ళు?"

"చెప్పమంటారా?" డీనా కాఫీ కూజా ఠపీమని పెట్టింది. "పదేళ్ళున్నా కొత్తవాళ్ళని కొత్తవాళ్ళనే అంటాం. మీ ఆవిడని పలకరించే దిక్కుండదు. మీ పిల్లల్ని బళ్ళో ఏడిపించి పంపిస్తారు. చాలా?"

"మరి రోగమొస్తే? డాక్టరు లేడా?"

"ఉన్నవాణ్ణి మేమే తరిమేశాం. ఇంకొకడొస్తే వాడికీ అదే గతి."

పచ్చి అబద్ధం. పాత డాక్టరు పోయిన రోజు దుకాణాలన్నీ మూసి ఊరు ఊరంతా ఏడ్చింది. డీనాని అమ్మ కడుపులోంచి భూమ్మీదికి తెచ్చింది కూడా ఆయన చేతులే.

 కొత్త మనిషి కాఫీ సగంలో వదిలేసి లేచాడు. ఒకడుగు వేసి, మళ్ళీ వెనక్కొచ్చాడు.

"అమ్మా, మీకొక మాట చెప్పాలి..."

"మీ మాటలేం అక్కర్లేదు సార్. తలుపు అటుంది."

అతను ఇంకేదో అనబోయాడు. డీనా వీపు తిప్పేసింది. కాసేపటికి బండి కదిలిన చప్పుడు వినిపించింది.

హోటలంతా ఒక్కసారిగా చప్పట్లు. వెర్లిన్ పందిలా గుర్రుమంటూ కౌంటరు చుట్టూ తిరిగాడు. మార్లిస్ వచ్చి డీనాని వాటేసుకుంది.

"శభాష్ పిల్లా! ఇక జన్మలో ఈ వైపు రాడు!"

డీనా కూడా నవ్వింది. నవ్విందే గానీ కుదురు చిక్కలేదు. రేపటి డాక్టరుకి ఏ బల్ల వెయ్యాలో, ఏ కప్పు పెట్టాలో అనుకుంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

గంట గడిచిందో లేదో ఫోన్ మోగింది.

"డాక్టరు గారా! చెప్పండి చెప్పండి! రేపటికి అన్నీ సిద్ధంగా..." అంటూ మొదలెట్టిన మార్లిస్ గొంతు మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత "ఆఁ... ఆఁ..." తప్ప మాట లేదు.

ఫోన్ పెట్టేసింది.

"ఏమైంది?" అంది డీనా.

"రాడట."

"అయ్యో! ఎందుకట? ఆయన రాకపోతే నా గతేం కాను?"

మార్లిస్ అప్పటికే కారు తాళాల కోసం వెతుకుతోంది. 

"ముందు కోటు వేసుకో బంగారం, పోదాం," అంది మార్లిస్, డీనా కళ్ళలోకి చూడలేక. "'ఇందాక నాకు కాఫీ పోసిన అమ్మాయి ముఖమూ చేతులూ అలా వాచి ఉండటం మంచిది కాదు, చెప్పబోతే విననివ్వలేదు, ఈ క్షణమే తీసుకెళ్ళండి, తొంభై మైళ్ళ అవతలి ఆస్పత్రికి నేను కబురు చేసి ఉంచాను' అన్నాడు."