పిన్ని ‘చూద్దాం’ అంది

ముందు నవ్వాలా, ముందు అడగాలా అని హైమ తేల్చుకునేలోపే పనిలో ఎప్పుడేం చేయాలో చెప్పే, చెవిలోని గురుయంత్రం ‘నవ్వండి’ అంది. ఇప్పుడు ఉద్యోగులందరి చెవుల్లోనూ ఒకటి ఉంటోంది. భీమవరం రొయ్యల షెడ్డులో సూపర్‌వైజరుగా హైమకిది తొలిరోజు. ఆదివారం షిఫ్టుకు మనుషులు రాకపోతే ఆ పదవి ఉండదు.

తనతో పదేళ్లు రొయ్యలు ఒలిచిన మంగతాయారు దగ్గర ఆగింది.

“ఆదివారం వస్తావా, పిన్నీ?”

“అబ్బో, సూపర్‌వైజరమ్మగారు అడిగాక తప్పుద్దా? చూద్దాంలేవే.”

‘ఒప్పుకున్నారు. అభినందనలు. తర్వాతి వ్యక్తి దగ్గరికి వెళ్లండి,’ అంది యంత్రం.

హైమ ఒళ్లు పులకరించింది. పిన్ని ‘చూద్దాం’ అంటే రానని. ఇంత తెలివైన యంత్రానికి అర్థం కానిది తనకు అర్థమైంది. తనలో లేదని భయపడిన నాయకత్వం బహుశా ఇదే.

“ఆదివారం ఇంట్లో ఏం పని పడింది, పిన్నీ?” అంటూ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.