మూడు దిండ్లు

“తోడు ఎవరొచ్చారు?” ఫైల్లోంచి తలెత్తకుండానే అడిగింది నర్సు.

“మా అమ్మ,” అంది మంచం మీది ఫేబీ.

సరోజన ఒక అడుగు ముందుకు వేసింది. స్వెటర్ చేతిని కిందికి లాక్కుని, పొద్దున తన గుండె పరీక్షకు మణికట్టు మీద అంటించిన ఈసీజీ స్టిక్కరును కప్పేసుకుంది.

గొంతులోకి గొట్టం దించి గుండె కవాటాన్ని చూసే పరీక్ష అది. మత్తిస్తారు కాబట్టి, ఇంటికి తీసుకెళ్ళి మర్నాటిదాకా కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోతే చెయ్యరు. పోయిన నెల ఫేబీని అలాగే వెనక్కి పంపేశారు. రూమ్మేట్లందరికీ ఆరోజు పక్కనున్న వాన్ నగరంలోని గోదాముల్లో షిఫ్టులు. ఈసారీ తప్పితే మళ్ళీ తేదీ మూడు నెలల తరవాతే. ఆపరేషన్ కావాలో అక్కర్లేదో తేలేది ఈ పరీక్షతోనే.

“పోయినసారి మీరెందుకు రాలేదు, మామ్?”

“అప్పుడు నాకు తెలియదు,” అంది సరోజన. అది అబద్ధం కాదు.

నర్సు నాడి చూసింది. పాదాలు నొక్కి వాపు చూసింది.

“ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటావు?”

“మూడు. తగ్గితే ఊపిరాడదు. అంటే... దిండు ఒకటే. దానికింద కాలేజీ బ్యాగు, చలికోటు.”

నర్సు సరోజన వంక అదోలా చూసింది. సరోజన తల దించుకుంది.

“చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందా, మామ్?”

“దాన్నే అడగండి. దానికే బాగా గుర్తు.”

“భలే అమ్మ!” నర్సు నవ్వి కాగితం చేతికిచ్చింది. బంధుత్వం అన్న గడి దగ్గర సరోజన పెన్ను కాసేపు ఆగింది.

మంచం పరీక్ష గదివైపు కదిలింది. “అమ్మా, వెళ్ళిపోవుగా?” ఫేబీ సరోజన స్వెటర్ అంచు పట్టుకుంది.

“యాడికి పోత బిడ్డా? ఈడ్నే ఉంట.”

ఒడిలో ఫేబీ కోటు పెట్టుకుని సరోజన రెండు గంటలు కూర్చుంది. భర్త పోయాక మరొకరి కోసం ఇలా కూర్చోవడం ఇదే మొదలు. కోటు జేబు చిరిగి ఉంది. ఇంటికెళ్ళగానే కుట్టాలనుకుంది.

డాక్టరు వచ్చి చెప్పాడు. కవాటం కారుతున్న మాట నిజమే. అయినా ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, మందులతో అదుపులో పెట్టవచ్చు.

“రాత్రికి ఒంటరిగా వదలకండి. తల ఎత్తులో ఉండాలి,” అంది నర్సు.

సరోజన వంగి, ఫేబీకి కోటు గుండీలు పెట్టింది. “ఇంట్ల ఆరు దిండ్లున్నయి బిడ్డా. అన్నీ నీకే.”

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. చక్రాల కుర్చీలో ఫేబీ మగతగా తలెత్తి అడిగింది: “ఇంతకీ మీ పేరేమిటి, ఆంటీ?”