కోడలి మాట

“మెషీన్ చాలూ హై, డరో మత్,” అని నర్సు ధైర్యం చెప్పి వెళ్ళిపోయింది. మెషీన్ నడుస్తూనే ఉంది. నడవనివి రాజశ్రీ ఊపిరితిత్తులే.

బిగించిన మాస్కు ఒరిపిడికి ముక్కు మీద తోలు లేచిపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా మంచం కదులుతోంది. అది చూడలేక అత్త అసిరమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. దేవుడనేవాడికి కళ్ళుంటే ఈ పిల్లని ఇలా పెట్టడు.

ఇంట్లో ఆ పిల్ల మాట ఎప్పుడూ తక్కువే. అత్త చెప్పింది విని, తలూపి, పని చేసుకుపోయేది.

డాక్టరు దాచకుండా చెప్పేశాడు. నయం కాదు. మాస్కు ఉంటే కొన్నాళ్ళు ఇలాగే. వద్దంటే, బాధ తెలియకుండా మందిచ్చి తీసేస్తాం. పేషెంటుకి తెలివుంది, ఆమెనే అడగండి.

రైల్వే లోకో షెడ్‌లో ఇంజన్లు విప్పి బిగించే దిలీప్‌కి, పెళ్ళాన్ని ఆ మాట అడగడానికి నోరు పెగల్లేదు.

“నానడగలేనమ్మా. నువ్వడుగు. అది ఏటంటే అదే చేద్దాం.”

అసిరమ్మ కోడలి మీదికి వంగింది. “అమ్మా, ఇది ఉంచమంతావా, తీసీమంతావా?”

రాజశ్రీకి అర్థమైంది. కళ్ళు పెద్దవి చేసి, చేత్తో మాస్కు కొంచెం జరిపి, “చాలు…” అంది. ఇంకేదో అనబోయింది గానీ ఊపిరి అందలేదు.

అసిరమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుని బయటికొచ్చింది. “చాలు అందిరా. ఎంత యాతన పడిపోతందో, నా తల్లి.”

దిలీప్ డాక్టరు గదిలోకి వెళ్ళి, “బస్ బోలీ, సాబ్,” అని ఆ మాటే హిందీలో చెప్పాడు. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు.

మాస్కు తీస్తుంటే రాజశ్రీ మొగుడి చొక్కా పట్టుకుంది. మందు పనిచేసి వేళ్ళు వదులయ్యేదాకా విడిచిపెట్టలేదు. అంత ప్రేమకి తాను తగనని దిలీప్ కుళ్ళికుళ్ళి ఏడ్చాడు.

తర్వాత గతౌరా పల్లెలో ఉన్న అత్తగారికి ఫోన్ చేసి, మెషీన్ ఆపించిన సంగతి చెప్పాడు. తన కూతురు ఆఖర్న ఏమందో, దాని నోట వచ్చిన మాటే చెప్పమని ఆవిడ పట్టుబట్టింది. అమ్మ చెప్పింది చెప్పినట్టే చెప్పాడు. “‘చాలు’ బోలీ.”



కూతురిలాగే ఏనాడూ తెలుగులో ఒక్క మాటా ఆడి ఎరగని ఆ ఛత్తీస్‌గఢీ తల్లి మెల్లగా అడిగింది: “చాలూ బోలీ, ఫిర్ బంద్ క్యోఁ కియా, బేటా?”